కేబుల్ గదిలో ఆకాశం

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఖదీజా కంప్యూటర్ పాఠాలు చెప్పేది. దర్జీ కూతురు. తండ్రి పోయాక తల్లి ఖమర్‌బీతో కలిసి రెండు గదుల ఇంట్లో ఉండేది. తమ్ముడు హుమాయున్ కువైట్‌లో ఒక కంపెనీ ఆఫీసులో నెట్‌వర్క్ పని చూసేవాడు. ఆమెకు కోపం ఎక్కువని కాలేజీలో పేరు. నిజానికి ఆమెకు నిలువెల్లా మండేది ఒక్క విషయానికే, ఎవరైనా పిల్లల ముందు అబద్ధాన్ని పాఠంగా చెబితే.

రెండువేల ఏడులో ఒక ఆదివారం జమ్మలమడుగు హైస్కూలు సైన్సు మాస్టరు సంజీవయ్య ఆమె ఇంటికి వచ్చాడు. వాళ్ళ బడికి ప్రభుత్వం కంప్యూటర్లిచ్చింది. వాటిలో ఆయన 'గగనం' అనే ప్రోగ్రాం ఎక్కించుకున్నాడు. దేశదేశాల్లోని మనుషులు ఊరికే, ఎవరి జీతమూ ఆశించకుండా కలిసి తయారుచేస్తున్న ప్రోగ్రాం అది. ఎవరైనా వాడుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వచ్చు. కంప్యూటర్ తెర మీద ఆకాశం మొత్తం కనబడుతుంది. ఒక్కో చుక్కకూ తెలుగు పేరు పెట్టి పంపింది సంజీవయ్యే.

"ప్రోగ్రాం బాగుంది గానీ బొమ్మల్లేవమ్మా," అన్నాడాయన. "చందమామ మీద నొక్కితే బూడిదరంగు సున్నా ఒకటి కనపడతాండాది. శనిగ్రహమంటే ఇంగో సున్నా. పిల్లోల్లు నవ్వుతాండారు."

"బొమ్మలు వేరేగా దించుకోవల్ల సార్."

"దించుకోవడానికేగా చూస్తాండా! పొద్దున ప్రార్థన కాడ మొదలుపెడితే మధ్యాన్నం బువ్వ బెల్లు కాడ తెగిపోతాది. మల్లీ మొదటికే."

ప్రోగ్రాం ఒక సీడీలో పట్టేంత చిన్నది. దాని వెనకున్న బొమ్మలు మాత్రం కొండంత. పెద్ద పెద్ద టెలిస్కోపులతో తీసిన ఫోటోలను ముక్కలు ముక్కలుగా కోసి పెట్టారు. అవన్నీ కలిస్తే ఖదీజా కాలేజీ ల్యాబులోని కంప్యూటర్లన్నింటిలోనూ పట్టవు. బళ్ళకున్న ఫోన్ లైన్ల మీద అవి దిగిరావాలంటే పిల్లలు బడి వదిలి పెళ్ళిళ్ళు చేసుకునే వయసొస్తుంది.

ఈ బొమ్మల బాధ్యత చూసే మనిషి ఫిన్లాండ్‌లో ఉంది, పేరు కైసా. ఖదీజా ఆమెకు మెయిల్ రాసింది. ప్రతి ప్రాంతంలోనూ ఎవరైనా ఒకరు మొత్తం బొమ్మల నకలు ఒక సర్వర్‌లో ఉంచి చుట్టుపక్కల వాళ్ళకు అందించాలనీ, అట్లాంటి నకలు కేంద్రాల కోసమే మేమూ వెతుకుతున్నామనీ కైసా జవాబిచ్చింది. షరతు ఒకటే. బొమ్మల్లో ఒక్క చుక్క కూడా మార్చకూడదు. ప్రతి బొమ్మకూ దాని లోపలి లెక్కను బట్టి వచ్చే ఒక పెద్ద అంకె ఉంటుంది, మనిషికి వేలిముద్ర ఉన్నట్టు. దాన్ని చెక్‌సమ్ అంటారు. బొమ్మలో ఎక్కడ వేలు పెట్టినా ఆ అంకె మారిపోతుంది. వారానికొకసారి వాళ్ళ కంప్యూటర్ అన్ని కేంద్రాలకూ వచ్చి ఆ అంకెలు సరిచూసుకుని పోతుంది.

హుమాయున్ తన మేనేజరును అడిగి ఆఫీసు సెలవు దినాల్లో బొమ్మలు దించాడు. చలికాలమంతా పట్టింది. హార్డ్‌డిస్కులు నింపి, ఊరికొస్తున్న బీబీజాన్ చేతికిచ్చాడు. ఆమె అక్కడ ఒక అరబ్బు ఇంట్లో వంటపని చేసేది. చెన్నై విమానాశ్రయంలో ఖర్జూరాల మధ్య గుడ్డల్లో చుట్టిన ఆ పెట్టెలను చూసి కస్టమ్స్ ఆయన ఇవేందని అడిగితే, "చుక్కల బొమ్మలు సార్, పిల్లోల్లకు," అని చెప్పిందట. ఆయన ఒకటి తిప్పి చూసి వెనక్కిచ్చాడు.

తెచ్చిన ఆకాశాన్ని ఎక్కడ పెట్టాలి? కాలేజీలో కరెంటు ఉండేది తక్కువ, పోయేది ఎక్కువ. ప్రొద్దుటూరులో రేయింబగళ్ళు కరెంటు ఆగని గది ఒక్కటే, చెన్నకేశవులు కేబుల్ ఆఫీసు. ఆయన వైరు ఊళ్ళో ప్రతి వీధికీ ఉంది. జమ్మలమడుగుకు పోయింది, వేంపల్లెకు పోయింది, పులివెందులకూ పోయింది. ఆ వైరు లోపలే బొమ్మలు తిరిగితే బయటి ఇంటర్నెట్‌తో పనే ఉండదు. బడిలో నొక్కితే కళ్ళు మూసి తెరిచేలోగా చందమామ వస్తుంది.

చెన్నకేశవులు ఒక పార్టీకి టౌను నాయకుడు. అంతకు పదేళ్ళ ముందు ఊళ్ళో రెండు కేబుళ్ళుండేవి. ఒకరి వైర్లు ఒకరు నరుక్కున్నారు. తర్వాత వైర్లతో ఆగలేదు. వేటకొడవళ్ళు లేచాయి, బాంబులు పడ్డాయి, రెండు వైపులా మనుషులు పోయారు. చివరికి మిగిలింది ఈయన వైరు. ఇప్పుడు తెల్ల ఖద్దరు కట్టి పెళ్ళిళ్ళకు పోయి అక్షింతలు వేసి వస్తున్నాడు.

"పెట్టుకో మేడమ్, నాదేం పోయింది," అన్నాడు. "పిల్లోల్ల పని. పుణ్యమొస్తాది." పేపరు విలేకరిని పిలిపించి సర్వర్ పక్కన నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాడు.

ఆ తర్వాత ఏడాదంతా ఖదీజాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. సంజీవయ్య బడి పిల్లలు చందమామ మీది గుంతలకు మైలవరం చెరువనీ, పెన్నేటి మడుగనీ పేర్లు పెట్టుకున్నారు. పులివెందుల బాలికల హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ వెంకటరమణమ్మ ఫోన్ చేసి, "మా ఆడపిల్లోల్లు పాలపుంతను వొదలడం లేదమ్మా, సోషల్ పీరియడ్ కూడా దానికే ఇస్తాండా," అని నవ్వింది. నకలు కేంద్రాల పట్టికలో ప్రొద్దుటూరు పేరు చేరింది. కర్నూలు నుంచీ, బళ్ళారి నుంచీ కూడా ఎవరెవరో బొమ్మలు దించుకునేవాళ్ళు.

రెండువేల తొమ్మిదిలో ఎన్నికలొచ్చాయి.

ఫిబ్రవరిలో చెన్నకేశవులు కబురు చేశాడు. గోడలకు అంటించే ఫ్లెక్సీలు ఆయన టేబుల్ మీద చుట్టలు చుట్టలుగా పడున్నాయి.

"మేడమ్, మన ప్రోగ్రాం ఎన్ని బడుల్లో నడుస్తాంది?"

"శానా బడుల్లో అన్నా."

"అది తెరవంగానే మొదట మా పార్టీ పెద్దన్న ఫోటో రావల్ల. రెండు చేతులూ జోడించి ఉంటాడే, ఆ ఫోటో. కింద చిన్నగా నాది."

ఖదీజా ముందు ఆయన నవ్వులాటకంటున్నాడనుకుంది. ఆయన నవ్వలేదు.

"అది కుదరదన్నా. ఆ బొమ్మలు మార్చకూడదని మాటిచ్చినా. పైగా అవి బడులు. సంటి పిల్లోల్లకు ఓట్లు యాడివి?"

"పిల్లోల్లకు అమ్మానాయనలుంటారు గదా."

"కుదరదన్నా," అని మళ్ళీ చెప్పి లేచింది. ఆయన తల ఊపి ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడనుకుని ఆమె ఇంటికొచ్చింది.

మార్చి నెలలో ఒక పొద్దున సంజీవయ్య తొమ్మిదో తరగతి పిల్లలకు చంద్రకళలు చెబుతున్నాడు. చందమామ మీద నొక్కమన్నాడు. ప్రతి తెర మీదా ఒకే హెచ్చరిక వచ్చింది, ఈ బొమ్మ అసలుది కాకపోవచ్చని. పిల్లలు చదవకుండానే అలవాటుగా సరే నొక్కేశారు. నిండు చందమామ వచ్చింది. అందులో గుంతల మధ్య, చేతులు జోడించి, నుదుట బొట్టుతో పెద్దన్న. ఆయన మోచేతి కింద గోలీకాయంత చెన్నకేశవులు.

పిల్లలు గొల్లుమన్నారు. సంజీవయ్య బిత్తరపోయి, కంప్యూటర్లన్నీ కట్టేయించి, ఖదీజాకు ఫోన్ చేశాడు. ఆమె క్లాసులో ఉండి ఎత్తలేదు.

మధ్యాహ్నం భోజనానికి ఇళ్ళకు పోయిన పిల్లల్లో ఎవరో ఆ మాట చెప్పారు. ఆ ఇల్లు ఎదుటి పార్టీది. ఆఖరి పీరియడ్ కాకముందే రెండు సుమోలు బడి గేటులోకి వచ్చాయి.

"యాడ్రా ఆ అయివారు? బడిలో ప్రచారం చేస్తాండావా?"

"నేను పెట్టలేదప్పా, వినండి. అది కేబుల్ నుంచి వచ్చినాది. నేనే కట్టేయించినా," అని సంజీవయ్య కంప్యూటర్ గది తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. లోపల ఆడపిల్లలున్నారు. వచ్చినవాళ్ళలో ఒకడు చేతిలోని ఇనుప కడ్డీతో ఆయన చేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు లోపలున్న పిల్లలకు వినబడింది. తర్వాత వాళ్ళు లోపలికి దూరి తెరలన్నీ పగలగొట్టారు. పిల్లలు బల్లల కింద దూరి చెవులు మూసుకున్నారు. గాజు పెంకులు వాళ్ళ జడల్లో పడ్డాయి.

ఖదీజా జమ్మలమడుగు ఆసుపత్రికి చేరేసరికి సంజీవయ్య చేతికి కట్టు కడుతున్నారు. ఆయన మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"పిల్లోల్లకేం కాలేదు గదమ్మా?" అని అడిగాడు.

"ఏం కాలేదు సార్."

"నువ్వు మార్చింటావని నేననుకోలేదు. మల్లెట్ల జరిగినాది?"

ఖదీజా అక్కడి నుంచి తిన్నగా పోలీసు స్టేషనుకు పోయింది. ఎస్సై మర్యాదగానే కూర్చోమన్నాడు.

"కేసు రాసుకున్నాం మేడమ్. గుర్తు తెలియని వ్యక్తులు."

"గుర్తు తెలియకపోవడమేంది సార్? రెండు బండ్లలో, పట్టపగలు, ఊరి నడుమ నుంచి వచ్చినారు. పేర్లు పిల్లోల్లే చెప్తాండారు."

"పిల్లల్ని సాక్షులుగా పిలవమంటారా? రేప్పొద్దున ఎవరన్నా వాళ్ళ ఇండ్ల మీదికి పోతే మీరు కాస్తారా? ఎన్నికలైపోనీయండి."

పిల్లల మీద ప్రేమతో కాదు ఆయన ఆ మాటన్నది. అది ఆయన కళ్ళల్లో తెలుస్తూనే ఉంది. ఖదీజా పళ్ళు బిగించుకుని బయటికొచ్చింది. రెండు రోజులకు ఇంకో దెబ్బ. బడిలో ఎన్నికల ప్రచారం చేశాడన్న ఆరోపణ మీద సంజీవయ్యను సస్పెండ్ చేశారు. చెయ్యి విరగ్గొట్టిన వాళ్ళు జీపుల్లో తిరుగుతున్నారు. చెయ్యి విరిగినవాడు సంజాయిషీ రాసుకుంటున్నాడు, అదీ ఎడమచేత్తో.

కేబుల్ ఆఫీసులో సర్వర్లు చూసేది ఖలందర్. నలభై దాటిన మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఖదీజాను చూడగానే తలొంచుకున్నాడు.

"నువ్వేనా చేసినావు?"

"అన్న చెయ్యమన్నాడు ఆపా. ఫోటో పెన్‌డ్రైవులో తెచ్చి ఇచ్చినాడు. ఈ కొలువు పోతే నా బిడ్డలేం తినాల?"

"సంజీవయ్య సారుకు గూడా బిడ్డలున్నారు ఖలందర్."

అంతలో చెన్నకేశవులు లోపలి గదిలోంచి వచ్చాడు.

"ఏంది మేడమ్, అరుపులు? ఆ అయివారి సంగతి నాకూ బాధగానే ఉండాది. వాల్లు ఎట్లాంటోల్లో చూసినావు గదా? అందుకే మావోల్లు గెలవల్ల."

"వాల్లు కొట్టినారు. మీరు కొట్టించినారు."

"నేనా?"

"చందమామలో మనిషి మొహం పెట్టి బడికి పంపింది ఎవరు?"

ఆయన నవ్వాడు. "చందమామలో కుందేలుందంటాం. లేని కుందేలు కనపడితే లేని తప్పు, మా పెద్దన్న కనపడితే వచ్చినాదా?"

"కుందేలు పిల్లోల్ల ఊహ. ఇది టెలిస్కోపులో తీసిన ఫోటో అని నమ్మి చూస్తాండారు వాల్లు. అయివారు చూపిచ్చింది నిజమని నమ్మే వయసన్నా వాల్లది! ఆ నమ్మకం మీద మీ ఫ్లెక్సీ అంటించినారు. గోడలు చాలలేదా మీకు? కరెంటు స్తంభాలు చాలలేదా? బస్టాండు, ఆసుపత్రి, శ్మశానం కాంపౌండు, యాడ చూసినా మీ మొహాలే. ఆకాశం గూడా కావల్సి వచ్చినాదా?"

గదిలో పనిచేసే వాళ్ళంతా చేతులాపి చూస్తున్నారు. చెన్నకేశవులు మొహంలో నవ్వు పోయింది.

"ఇది నా గది. నా వైరు. నా కరెంటు. ఎవరి గదిలో నిలబడి మాట్లాడతాండావో తెలుస్తాందా?"

"గది మీదే. బొమ్మలు మీవి కాదు. నావీ కాదు. ఎవురన్నా తీసుకోవచ్చు, ఎవురికన్నా ఇయ్యచ్చు. వాటిని మార్చి, ఇదే అసలుదని పంచే హక్కు మాత్రం మీకు లేదు, నాకు లేదు. నా డిస్కులు నాకియ్యండి, పోతా."

"ఇస్తాలే," అని ఆయన ఖలందర్ వైపు తిరిగాడు. "తుడిచేసి ఇయ్యి. ఒక్క చుక్క గూడా ఉండకూడదు."

ఖలందర్ కదలలేదు. చెన్నకేశవులు రెండోసారి చెప్పలేదు, ఊరికే చూస్తూ నిలబడ్డాడు. ఖలందర్ కీబోర్డు ముందు కూర్చున్నాడు. హుమాయున్ చలికాలమంతా కూడబెట్టింది, బీబీజాన్ సముద్రం దాటించింది, అంతా ఖదీజా కళ్ళ ముందే తుడిచిపెట్టుకుపోయింది. ఖాళీ డిస్కులు సంచిలో వేసుకుని ఖదీజా నడిచి ఇంటికొచ్చింది.

ఆ వారమే కైసా మెయిల్ వచ్చింది. సరిచూసే కంప్యూటర్ ప్రొద్దుటూరులో మార్చిన బొమ్మలను పట్టుకుంది. కేంద్రాన్ని పట్టికలోంచి తీసేశారు. ఎందుకు తీసేశారో అందరూ చూసేచోట రాశారు, ఖదీజా పేరుతో సహా. ఆమె ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివింది. తన పేరు పక్కన ఆ మాట! జరిగిందంతా పూసగుచ్చినట్టు జవాబు రాసింది. కైసా వెంటనే స్పందించింది. మిమ్మల్ని నమ్ముతున్నాను, సంజీవయ్యగారి గురించి చదివి నిద్రపట్టలేదు, అయినా సరైన బొమ్మలు మొత్తం మీ దగ్గర ఉన్నాయని తేలేదాకా పేరు తిరిగి చేర్చలేను అని రాసింది. అది న్యాయమేనని ఖదీజాకు తెలుసు. తెలిసినందువల్ల మంట తగ్గలేదు.

హుమాయున్‌కు ఫోన్ చేస్తే అక్కడ వేరే గోడు. దుబాయి, కువైట్ కంపెనీలు కుదేలై వాడి ఉద్యోగం ఊడింది. ఇప్పుడు ఒక గోదాములో సరుకు లెక్కపెడుతున్నాడు. "నెట్ యాడిది ఆపా? ఫోన్ కార్డుకే చూసుకోవల్ల," అన్నాడు.

ఖమర్‌బీ కూతురి మొహం చూసి, "వదిలేయ్ బేటీ. వాల్లతో మనకెందుకు? మీ నాయన బతికినన్నాల్లు రెండు పార్టీల జెండాలూ కుట్టినాడు, ఎవురితో మాట పడలేదు," అంది.

"అందుకేనమ్మీ వాల్లకు అలవాటైపోయింది," అంది ఖదీజా.

తనకు దారి తోచింది అన్నం ముందు కూర్చున్నప్పుడే. కేంద్రంలో ఉన్నది పోయింది, నిజమే. ఏడాదిగా అక్కడి నుంచి బళ్ళు దించుకున్నది ఎక్కడికి పోతుంది? ఏ అయివారికి ఏది ఇష్టమైతే అది దించుకున్నారు. ఆకాశం ముక్కలు ముక్కలుగా జిల్లా అంతటా ఉంది.

కాలేజీకి సెలవు పెట్టి, డిస్కు సంచి భుజాన వేసుకుని బస్సెక్కింది. మొదట జమ్మలమడుగు. సంజీవయ్య చేతికట్టుతోనే బడి దగ్గరికి వచ్చాడు. సస్పెండైన మనిషిని లోపలికి రానివ్వకూడదని హెడ్‌మాస్టరు గొణిగి, చివరికి తాళం తీసి తాను పక్కకు పోయాడు. గదిలో పగిలిన తెరలు అట్లాగే ఉన్నాయి. ఖదీజా వంగి బల్లల కింద చూసింది. కంప్యూటర్ పెట్టెలు వరుసగా, గీత కూడా పడకుండా ఉన్నాయి. కొట్టడానికి వచ్చినవాళ్ళు టీవీలాగా కనబడేదే కంప్యూటర్ అనుకున్నారు. ఆమెకు నవ్వొచ్చింది, ఆ తర్వాత కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. గ్రహాలన్నీ ఆ పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి.

చందమామ మాత్రం జమ్మలమడుగులోనూ, ప్రొద్దుటూరు బళ్ళలోనూ అంతటా పెద్దన్న మొహంతోనే ఉంది. కొత్త బొమ్మ రాగానే పాతది దానంతటదే చెరిగిపోయింది. అసలు చందమామ దొరికింది వేంపల్లె బడిలో. అక్కడ ఏడాది కిందట ఇసుక లారీ ఒకటి కేబుల్ వైరు తెంపుకుపోయింది. ఎన్ని అర్జీలు పెట్టినా ఎవరూ వచ్చి అతకలేదు. అందుకని మార్చిన బొమ్మ అక్కడికి చేరనేలేదు. ఖదీజా చెక్‌సమ్ లెక్క కట్టింది. అంకె సరిపోయింది.

పులివెందులలో అంత సులువు కాలేదు. వెంకటరమణమ్మ గదిలో అప్పటికే ఎవరో నాయకుడి మనిషి, తెల్లచొక్కా ఆయన, కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ప్రొద్దుటూరాయమ్మ నువ్వేనా? దొంగబొమ్మలు పంచి బడులు తగలబెట్టిచ్చినావంట. ఈడ నీకేం పని?"

"దొంగబొమ్మలు పెట్టినోల్లు వేరే. నేను అసలువి ఏరుకోను వచ్చినా."

"మేడమ్, ఈమెను మిషన్ల కాడికి రానీయద్దు. ఏదన్నా జరిగితే మాకు సంబంధం లేదు," అన్నాడతను హెడ్‌మిస్ట్రెస్‌తో.

వెంకటరమణమ్మ మెత్తటి మనిషి. గట్టిగా మాట్లాడగా ఖదీజా ఎప్పుడూ వినలేదు. ఆమె కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఏం జరుగుతాదప్పా? జరిగేది మీరు చేస్తేనే గదా? మా ఆడపిల్లోల్ల బడికి నీల్లు రావడం లేదని ఆరు సార్లు చెప్పినా. అప్పుడు యాడున్నావు? నా బడిలో ఏ మిషను ఎవరు ముట్టాల్నో నేను చెప్తా. నువ్వు లేచి పో."

అతను లేవలేదు. ఆమె లేచి ఖదీజాను వెంటబెట్టుకుని కంప్యూటర్ గదికి నడిచింది. గదిలోకి పోయి తలుపు వేసుకున్నాక, "తొందరగా కానీ తల్లీ, నాకు గుండె దడదడమంటాంది," అంది. పాలపుంత మొత్తం ఆ బడిలో దొరికింది.

వేసవి సెలవులయ్యేలోగా ఖదీజా దగ్గర ఆకాశం దాదాపు పూర్తయింది. దక్షిణం వైపు కొంత భాగం మాత్రం ఏ బడీ దించుకోలేదు. అది బెంగళూరులో గగనం వాడే ఇంజనీరొకాయన డిస్కులో ఎక్కించి బస్సు పార్శిల్లో పంపాడు. అన్నింటి అంకెలూ సరిచూసుకుని కైసాకు పంపితే, ఆమె పట్టికలో పేరు తిరిగి చేర్చింది. పాత రాత తీసేసి, తప్పు ఖదీజాది కాదని, ఏం జరిగిందో అందరికీ తెలిసేలా రాసింది.

మళ్ళీ ఒకరి గదిలో పెట్టే తప్పు ఖదీజా చెయ్యలేదు. ఆకాశాన్ని బళ్ళకు పంచింది. ఒక్కో బడి దగ్గర ఒక్కో భాగం, ప్రతి భాగమూ కనీసం రెండు చోట్ల. ఎవరికేది కావాలన్నా పక్క బడి నుంచి డిస్కులో తెచ్చుకుని, అంకె సరిచూసుకుని ఎక్కించుకోవాలి. వైరంత వేగం లేదు. బస్సంత వేగం ఉంది. తెంపడానికి ఒక్క వైరంటూ లేదు.

ఎన్నికలయ్యాయి. ఆ తర్వాత ఏడాదిలోపే చెన్నకేశవులు ఏ గొడవా లేకుండా ఎదుటి పార్టీలో చేరిపోయాడు. సుమోల్లో వచ్చి బడి పగలగొట్టిన వాళ్ళూ ఆయనా ఒకే జెండా కింద నిలబడ్డారు. జమ్మలమడుగు బడికి కొత్త కంప్యూటర్లు బహూకరిస్తున్నామని సభ పెట్టారు. ఖదీజాకూ శాలువా కప్పుతామని పిలుపు వచ్చింది. ఆమె పోయింది, శాలువా కోసం కాదు.

వేదిక మీద పూలదండలు, నిలువెత్తు ఫ్లెక్సీలు. మైకు ఇవ్వగానే ఆమె నమస్కారం కూడా పెట్టలేదు.

"ఈ కంప్యూటర్లు ఎందుకు కావల్సి వచ్చినాయో పిల్లోల్లకు తెలుసు. పెద్దోల్లకు గుర్తు లేదేమో, నేను చెప్తా. పాతవి పగలగొట్టినోల్లు ఈ స్టేజీ మీదే ఉన్నారు, రెండో వరసలో. వాల్లు రావడానికి కారణమైనాయన మొదటి వరసలో ఉన్నాడు. లేంది ఒక్క సంజీవయ్య సారే. తప్పు చెయ్యలేదని తేలినాక గూడా ఆయన్ను ఖాజీపేటకు బదిలీ చేసినారు. చెయ్యి ఇప్పటికీ మోచేతి కాడ వంగదు. బోర్డు మీద రాయలేడు. మీరిద్దరూ ఒకటైపోయినారు, బాగుంది. ఆయన చెయ్యి ఎవరు అతికిస్తారు?"

మైకు ఆగిపోయింది. ఎవరో వైరు లాగేశారు. ఖదీజా గొంతు పెంచింది. "ఆయనకు క్షమాపణ చెప్పండి. ఆ తర్వాత ఇయ్యండి మీ మిషన్లు!"

చెన్నకేశవులు చప్పట్లు కొట్టమని సైగ చేశాడు. సన్నాయి మోగించారు. ఇద్దరు ఆమె మోచేతులు పట్టుకుని మర్యాదగా మెట్లు దించారు. ముందు వరసల్లో నేల మీద కూర్చున్న పిల్లలు మాత్రం సన్నాయి వైపు చూడలేదు. ఆమె గేటు దాటేదాకా ఆమెనే చూశారు. అందులో కొందరు ఆ రోజు బల్లల కింద దూరినవాళ్ళు.

ఎవరూ క్షమాపణ చెప్పలేదు. కేసులో పేర్లు చేరలేదు. కొత్త విద్యా సంవత్సరంలో కాలేజీ యాజమాన్యం ఖదీజా అవసరం లేదంది, కారణం చెప్పలేదు. ఆమె ఇంటి ముందుగదిలో ట్యూషన్లు మొదలుపెట్టింది. బళ్ళ మధ్య తిప్పే ఖాళీ డిస్కులు నాన్న పాత కుట్టుమిషను బల్ల మీద సర్దుకుంది.

ఒక సాయంత్రం ఖాజీపేట నుంచి సంజీవయ్య ఫోన్ చేశాడు.

"నా మూలాన నీ కొలువు పాయెనంట గదమ్మా."

"మీ మూలాన కాదు సార్. వాల్ల మూలాన. ఆ రెండూ మాత్రం కలపద్దు."

"ఇంకా అంత కోపమా?" అన్నాడు.

"తగ్గలేదు సార్. తగ్గితే వాల్లకు సులువైపోతాది."

"అయితే ఉండనీలే," అన్నాడు సంజీవయ్య. "ఈడ పిల్లోల్లు మంచోల్లు. వృశ్చికం అడుగుతాండారు. ఆ భాగం ఎవరి కాడ ఉంది?"

"పులివెందుల కాడ. రేపు నేనే పోయి తెస్తా సార్," అని ఖదీజా ఫోన్ పెట్టేసి, సంచిలో డిస్కు ఉందో లేదో చూసుకుంది.